రాత్రి దారిలో బండి కనపడవలెను

మిడుతూరు మెట్టపొలములకును సముద్రమునకును సంబంధమేమని రైతు సోదరులు అడుగవచ్చును. సంబంధము కలదు. చిన్న తెరచాప నావ రాత్రివేళ పెద్ద ఓడలకు కనపడుట ఎట్లు అను ప్రశ్నకు సముద్రము మీది వారు చాలకాలము క్రిందటనే జవాబు వెదకుకొన్నారు. మన ఎడ్లబండి, మన ట్రాక్టరు ట్రాలీ రాత్రివేళ లారీలకు కనపడుట ఎట్లు అను ప్రశ్నకు మనము ఇంకను సరియైన జవాబు చెప్పుకొనలేదు. అందుచేత ఈ వ్యాసము సముద్రతీరమున మొదలు పెట్టుచున్నాను.

నేను బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుకొను రోజులలో సెలవు దినములందు సూర్యలంక తీరమునకు పోవుచుండెడివారము. అక్కడ వలలు బాగుచేసుకొనుచున్న ఒక ముసలి మత్స్యకారుని, రాత్రిపూట పెద్ద ఓడ ఎదురైనచో ఏమి చేయుదురని అడిగితిమి. ఆయన నవ్వి, "మేము ఓడను చూడటం పెద్ద పనా బాబూ? ఊరంత దీపాలతో వస్తది. ఆడు మమ్మల్ని చూడాలి గాని" అన్నాడు. ఇంజన్లు లేని రోజులలో తెరచాప వేసుకొని పోవునప్పుడు ఓడ దగ్గరగుచున్నదని తోచగానే లాంతరు ఎత్తి చాప మీదికి వెలుతురు పడునట్లు పట్టుకొనెడివారట. లాంతరు ఒక్కటే ఐనచో దూరమునకు చిన్న చుక్క. చాప మీద వెలుతురు పడినచో గోడంత తెల్లదనము. ఆ మాట అప్పుడు విని మరచితిని. తరువాత చాల ఏండ్లకు మన మండలములోనే అది మరల జ్ఞాపకమునకు వచ్చినది.

మాఘమాసములో ఒక రాత్రి ఒక గ్రామములో రైతుల సమావేశము ముగించుకొని మోటారుసైకిలుపై తిరిగి వచ్చుచుంటిని. జొన్నకోతల కాలము. చంద్రుడు లేడు. ఎదుటినుండి ఒక లారీ వచ్చి దాని దీపములు నా కండ్లలో కొట్టినవి. అది దాటిపోయిన క్షణములో నా ముందు దారి నల్లగా నున్నది. మరుక్షణమున ఆ నలుపే జొన్నచొప్ప వాసనతో నా ముఖము మీదికి వచ్చినట్లయినది. బండిని ప్రక్కకు త్రిప్పి మట్టిలోనికి దిగి పడితిని. మోకాలికి గాయము తప్ప ఏమియు కాలేదు. ఎడ్లు ఆగినవి. చొప్ప మీద నిద్రించుచున్న పెద్దాయన లేచి, "యేంది సార్, ఇంత బండి అగుపడ్ల్యా?" అని అడిగెను. లాంతరు లేదా అంటిని. "ల్యాకేమి సార్, ఇరుసు కింద కట్టినా, సూడు" అనెను. వంగి చూచితిని. నిజమే, లాంతరు వెలుగుచునే యున్నది. కాని చొప్ప వెనుకకు జారి నేలదాక వ్రేలాడుచుండుటచేత ఆ దీపము ఎడ్ల డెక్కలకు తప్ప మరెవరికిని కనపడుట లేదు.

ఆయన తప్పేమియు లేదు. ఇరుసుక్రింద లాంతరు కట్టుట పెద్దలనాటి అలవాటు. ఆనాడు దారిలో ఎదురగునవి ఇతర బండ్లును, నడచిపోవు మనుష్యులును. దారి గుంటలు కనపడుటకే ఆ దీపము. నేడు వెనుకనుండి వచ్చునది లారీ. లెక్క మారినది.

ఆ లెక్క కొంచెము చూడుడు. ఎడ్లబండి సెకనుకు ఒక మీటరు, అంతకు కొంచెము ఎక్కువ నడచును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చు లారీ సెకనుకు సుమారు 17 మీటర్లు పరుగెత్తును. 80 కిలోమీటర్ల వేగమైనచో 22 మీటర్లు. అనగా లారీకి మన బండి నిలిచిన బండరాయితో సమానము. డ్రైవరు దీపములు దించి నడుపునప్పుడు నల్లని వస్తువు అతనికి రమారమి 40, 50 మీటర్ల దూరములో గాని తెలియదు. చూచిన పిమ్మట కాలు బ్రేకు మీదికి పోవుటకు ఒకటి, ఒకటిన్నర సెకను పట్టును. ఆ తరువాత చక్రములు నిలువవలెను. 60 కిలోమీటర్ల వేగములో మంచి రోడ్డు మీద మొత్తము 50 మీటర్లకు పైగా కావలెను. 80 వేగములో 80 మీటర్లకు పైగా. చూచుటకు 50, ఆగుటకు 80. ఎంత నేర్పరి డ్రైవరైనను ఈ తీసివేత చేయలేడు. అదే బండి 150 మీటర్ల దూరమునుండి కనపడినచో అతనికి ఆరేడు సెకనులు దొరకును. వేగము తగ్గించుకొని ప్రక్కనుండి పోవును. మనకు కావలసినది ఆ వంద మీటర్లే.

సముద్రముపై ఈ లెక్క ఇంకను కఠినము. బరువుతో నున్న పెద్ద ఓడ ఆగుటకు కిలోమీటర్లు పట్టును. గంటకు 15 నాటికల్ మైళ్ల వేగముతో పోవు ఓడ నాలుగు నిమిషములలో ఒక నాటికల్ మైలు, అనగా 1,852 మీటర్లు, దాటును. అందుచేత దేశములన్నియు కూడి 1972లో ఓడలు ఢీకొనకుండ నియమములు వ్రాసుకొన్నవి. అవి 1977లో అమలునకు వచ్చినవి. వాని ప్రకారము సూర్యాస్తమయము నుండి సూర్యోదయము వరకు ప్రతి నావకు దీపములు ఉండవలెను. ఎడమప్రక్క ఎరుపు, కుడిప్రక్క ఆకుపచ్చ, వెనుక తెలుపు. 12 మీటర్ల కంటె చిన్నదైన నావకు వెనుక దీపము రెండు నాటికల్ మైళ్లకు కనపడవలెను. పైన చెప్పిన ఓడకు అది ఎనిమిది నిమిషముల వ్యవధి. ఈ రంగులను బట్టి నావ ఎటు పోవుచున్నదో కూడ ఓడవారికి తెలియును. 20 మీటర్ల లోపు తెరచాప నావకు ఈ మూడు దీపములను ఒకే లాంతరులో కూర్చి స్తంభము కొన మీద పెట్టుకొను వీలు కూడ ఇచ్చినారు. ఎత్తున నున్నచో అలల చాటు కాదు. 7 మీటర్ల లోపు చిన్న తెరచాప నావకు ఇదియు సాధ్యము కానిచో, తెల్లని టార్చిలైటు గాని వెలిగించిన లాంతరు గాని చేతికి అందునట్లు సిద్ధముగా నుంచుకొని, సకాలములో చూపవలెను అని వ్రాసినారు. సూర్యలంక పెద్దాయన చేసినది ఆ నియమమే. ఆయన దానిని ఎక్కడను చదివియుండడు.

కాని దీపము చూచువాడు ఓడమీద ప్రతి క్షణము కిటికీ దగ్గరనే ఉండునా? నేటి ఓడలు రాడారును కూడ నమ్ముకొని పోవును. రాడారు రేడియో తరంగములను పంపి, వస్తువును తగిలి తిరిగి వచ్చిన వానిని బట్టి అక్కడ ఏదో యున్నదని తెలుపును. ఇనుప ఓడ బాగుగా కనపడును. కొయ్య నావ, ఫైబరు నావ, గుడ్డ తెరచాప సరిగా కనపడవు. అలలనుండి తిరిగి వచ్చు తరంగముల సందడిలో అవి కలిసిపోవును. దీనికి కనుగొన్న ఉపాయము మిక్కిలి సులువైనది. మూడు లోహపు రేకులను గది మూలవలె ఒకదానికొకటి లంబముగా అమర్చుదురు. మీ ఇంటి గది మూలకు ఒక రబ్బరు బంతిని విసరి చూడుడు. రెండు గోడలను, నేలను తాకి అది మరల మీ వైపునకే వచ్చును. అట్లే తరంగము ఏ దిక్కునుండి వచ్చినను ఆ మూల దానిని వచ్చిన దిక్కునకే త్రిప్పి పంపును. ఇట్టి ఎనిమిది మూలలను కూర్చి బంతివలె చేసి స్తంభమునకు కట్టినచో చిన్న నావ రాడారులో పెద్ద వస్తువువలె కనపడును. కట్టునప్పుడు ఒక మూల ఆకాశము వైపు తెరచుకొని, వాన కురిసినచో నీరు నిలుచునట్లు ఉండవలెనని నావికుల గుర్తు. తలక్రిందుగ, వంకరగ కట్టినచో పని సరిగా చేయదు.

ఇప్పుడు మన దారికి వత్తము. ట్రాలీ వెనుక బిగించు ఎర్రని బిళ్లను చేతిలోనికి తీసుకొని దగ్గరగా చూడుడు. అద్దములో సన్నని తేనెపట్టువలె గీతలు కనపడును. అవి చిట్టి చిట్టి గది మూలలే! రాడారుకు లోహపు రేకు చేయు పనినే లారీ దీపమునకు ఈ బిళ్ల చేయును. వెలుతురును ప్రక్కలకు చిమ్మక, వచ్చినవాని కండ్లకే త్రిప్పి పంపును. అందుకే గుప్పెడు బిళ్ల అంత దూరమునుండి నిప్పుకణమువలె మండును. ఇంగ్లండులో పెర్సీ షా అనునతడు 1934లో రోడ్డు మధ్యన పొదుగుటకు 'పిల్లికన్ను' అను గాజు బిళ్లలను కనుగొనెను. అదియు ఇట్టి పద్ధతియే. పిల్లి, ఎద్దు వంటి జంతువుల కంటిలో వెనుక ఒక మెరయు పొర ఉండుటచేత దీపపు వెలుతురులో అవి వెలుగును. మీరు గమనించియే యుందురు, ఎదుటినుండి వచ్చు లారీకి మన ఎడ్ల కండ్లు నాలుగు దీపములవలె కనపడును. వెనుకనుండి వచ్చు లారీకి మాత్రము ఎడ్లు లేవు, కండ్లు లేవు, చొప్ప మాత్రమే యున్నది. వెనుకప్రక్క జాగ్రత్త ఎక్కువ కావలెననుటకు ఇది ఒక కారణము.

బజారులో దొరకు మెరిసెడు పట్టీని మన పక్క 'రేడియం స్టిక్కరు' అందురు. పేరు మాత్రమే, ఇందులో రేడియము లేదు. అది తనంతట తాను వెలుగదు. చీకటిలో పెట్టి చూచి "ఇది వెలగడం లేదు, మోసం" అని దుకాణదారుతో పోట్లాడిన రైతును నేనెరుగుదును. టార్చిలైటు మీ కంటి ప్రక్కన పట్టుకొని ఇరువది అడుగుల దూరమునుండి దాని మీద వేసి చూచిన గాని మంచి చెడ్డలు తెలియవు. చౌకరకము నునుపైన రంగుకాగితమువలె కొంచెమే మెరయును. మంచిది కండ్లు చెదరునట్లు వెలుగును. కొనునప్పుడే ఈ పరీక్ష చేయుడు.

రంగుల విషయములో సముద్రపు పద్ధతి ఇక్కడ పనికిరాదు. నావకు వెనుక తెల్లదీపము. రోడ్డుపై ముందు తెలుపు, ప్రక్కలకు పసుపు, వెనుక ఎరుపు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు ట్రాలీ వెనుక ఇరుప్రక్కల రెండు ఎర్రని రిఫ్లెక్టర్లు ఉండవలెనని చెప్పుచున్నవి. ఎడ్లబండి మోటారు వాహనము కాదు గనుక ఆ నిబంధన దానిని అంటదు. లారీ బరువు మాత్రము రెండింటిని ఒకేవిధముగా అంటును.

ఇక్కడ ట్రాక్టరు నడుపు యువకులకు ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. రాత్రి దున్నుటకు ట్రాక్టరు వెనుక నుండు తెల్లని లైటును పొలము పని ముగిసిన పిమ్మట ఆర్పకుండ రోడ్డెక్కుచున్నారు. వెనుక వచ్చువానికి అది ఎదురుగా వచ్చు మోటారుసైకిలువలె కనపడును. ఆ వెలుతురులో ట్రాలీ అంచులు అసలు కనపడవు. ఎవరో తనకు ఎదురు వచ్చుచున్నారని తలచి అతడు ఎడమకు జరిగి మన ట్రాలీలోనికే వచ్చును. అట్లే ముందు దీపములలో ఒకటి ఆరిపోయిన ట్రాక్టరును ఎదుటివాడు మోటారుసైకిలనుకొని దగ్గరగా పోనిచ్చును. ఒక బల్బు మార్చుటకు పది నిమిషముల పని. పాటపెట్టెకు తీగలు లాగుటకు దినమెల్ల వెచ్చించువారికి ట్రాలీ వెనుక దీపమునకు తీగ లాగుటకు తీరిక లేకపోవుట నాకు అర్థము కాదు. షెడ్డులో ఎలుకలు ఆ తీగలను కొరుకుట కూడ సామాన్యము. కావున పత్తి, మొక్కజొన్న తోలకము మొదలుకాక మునుపే తీగలను ఒకమారు చూచుకొనవలెను.

బిళ్లలు ఎక్కడ బిగించవలెను? చాలమంది ట్రాలీ వెనుక తలుపు మీద బిగింతురు. చొప్ప, పత్తి బోరెములు నింపి తలుపు క్రిందికి దించగానే ఆ బిళ్లలు నేలను చూచుచుండును. తలుపు మీద కాక, దాని క్రింది చట్రపు ఇనుముకు రెండు చివరల బిగించుడు. మోకాలి ఎత్తుకు తగ్గకుండ, రొమ్ము ఎత్తుకు మించకుండ, తిన్నగా వెనుకకు చూచునట్లు ఉండవలెను. రెండును రెండు చివరలనే ఉండవలెను, ఏలయనగా వెనుకవాడు వానిని బట్టియే మన వెడల్పును కొలుచుకొనును. దగ్గర దగ్గరగా పెట్టినచో ట్రాలీ సైకిలంత కనపడును.

చొప్ప వ్రేలాడినచో చట్రము బిళ్లలు కూడ కప్పబడును. దీనికి నేను కొన్ని ఊళ్లలో చేయించుచున్నది వ్రేలాడు పలక. ఊరి వడ్రంగి గంటలో చేసి ఇచ్చును. అయిదడుగుల పొడవు, అరడుగు వెడల్పు గల తేలికైన కొయ్యపలక తీసుకొని తెల్లరంగు వేయుడు. రెండు చివరల జానెడేసి ఎర్రని మెరుపుపట్టీ అంటించుడు. నడుమ ఒక త్రికోణము, చుట్టును ఎర్రపట్టీ, లోపల మెరిసెడు నారింజరంగు. ఈ త్రికోణము నా కల్పన కాదు. అమెరికాలో ఓహాయో స్టేట్ విశ్వవిద్యాలయమువారు 1960 దశకపు మొదటి సంవత్సరములలో నెమ్మదిగా పోవు వ్యవసాయ వాహనముల కొరకు దీనిని రూపొందించిరి. పగలు నారింజరంగు, రాత్రి ఎర్రని అంచు కనపడును. పలకకు పైన రెండు రంధ్రములు చేసి త్రాళ్లు కట్టి, బరువంతయు కట్టిన పిమ్మట అన్నిటికంటె వెనుక, చొప్ప పైన వ్రేలాడదీయవలెను. క్రిందినుండి కూడ ఒక త్రాటితో బిగించనిచో గాలికి తిరిగి కట్టె ముఖము చూపును. ఎడ్లబండికి, ట్రాలీకి ఒకటే పలక చాలును. ఇంట్లో కొడవలి ప్రక్కన తగిలించి పెట్టుకొనవచ్చును.

కొందరు పొడుగైన వెదుళ్లు, పైపులు తీసుకొని పోవునప్పుడు కొనకు ఎర్రగుడ్డ కట్టుదురు. పగలు మంచిదే. చీకటి పడినచో మన కంటికి అన్నిటికంటె ముందు నల్లబడు రంగు ఎరుపే. రాత్రి ఎర్రగుడ్డ నల్లగుడ్డతో సమానము. తెల్లని ఎరువుల సంచి కట్టుట దానికంటె మేలు. దాని మీద పట్టీ ముక్క అంటించుట ఇంకను మేలు.

ఏరువాక పున్నమికి ఎడ్ల కొమ్ములకు రంగులు వేయుదుము గదా. ఆ సమయమున కొమ్ములకు రెండంగుళముల తెల్లని మెరుపుపట్టీ చుట్టినచో ఎదుటివారికి ఎడ్ల ఎత్తు, వెడల్పు తెలియును. ముందువైపు ఎరుపు వాడరాదు. బండి కాడికి కూడ రెండు చివరల తెల్లపట్టీ చుట్టవచ్చును. చక్రముల కమ్మీలకు పసుపుపట్టీ పెట్టినచో అడ్డదారినుండి రోడ్డెక్కు బండి ప్రక్కనుండి కనపడును.

సాయంత్రము కూలీలను ట్రాలీలో ఎక్కించుకొని వచ్చుట గురించి వ్రాయకుండ ఉండలేను. పత్తితీతకు, మిరపకోతకు పోయిన ఆడవారు ముప్పది, నలువది మంది తొట్టిలో నిలుచుండి, వెనుక తలుపు మీద కాళ్లు వ్రేలాడదీసుకొని, మసక చీకటిలో తిరిగి వచ్చుట మీరును చూచుచున్నారు. ట్రాలీ సరకుల బండి, మనుష్యులను ఎక్కించుటకు చట్టము ఒప్పుకొనదు. వారిని ఆటోలో పంపుడని నేను చెప్పుచున్నాను, వినువారు తక్కువ. మీరు వినకున్నను ఆ పలక మాత్రము కట్టుడు. వెనుకవాడు ఢీకొన్నచో మొదట తగులునది ఆ వ్రేలాడు కాళ్లకే.

రోడ్డు మీద ధాన్యము ఆరబోయుట ఇంకొకటి. మొక్కజొన్న ఆరబోసి, రాత్రికి నల్లని పట్టలు కప్పి, చుట్టును రాళ్లు పేర్చి ఇంటికి పోవుచున్నారు. నల్లని తారు మీద నల్లని పట్ట, మోటారుసైకిలువానికి అది తెలియు మార్గమేది? కళ్లములు, గోదాముల ముంగిళ్లు, ఇంటి మిద్దెలు వాడుకొనుడు. గత్యంతరము లేక రోడ్డు అంచున ఒక రాత్రి ఉంచవలసి వచ్చినచో రాళ్లు పెట్టక, వ్రేలాడు పలకనే ఒక కుర్చీకి కట్టి ఏబది మీటర్ల వెనుక నిలుపుడు. ట్రాలీ టైరు పగిలి ఆగినప్పుడును ఇదే పద్ధతి. ట్రాలీని తారు దిగువకు లాగుట మొదటి పని, పలక నిలుపుట రెండవది, జాకీ తెచ్చుట మూడవది. మనవారు జాకీతో మొదలు పెట్టుదురు. చక్రము మార్చిన పిమ్మట పెట్టిన రాళ్లను దారిలో విడిచిపోవు వారిని గురించి ఏమి వ్రాసినను తక్కువే.

టార్చిలైటు బండిలో ఉండవలెను. సెల్‌ఫోను లైటైనను సరే. వెనుక వచ్చువాడు వేగము తగ్గించుట లేదని తోచినచో దానిని అతని కండ్లలో కొట్టరాదు. అతనికి మరింత చీకటి కమ్మును. సూర్యలంక పెద్దాయన చాప మీద వేసినట్లు, మీరు చొప్ప మీద, బోరెము మీద, మీ తెల్లపంచె మీద వేయుడు. ఎద్దును ఎడమ అంచుకు తోలుడు. బండి మీద నిద్రించవద్దని చెప్పుట సులభము, పగలెల్ల కోత కోసినవానికి కష్టము. ఐనను ఊరి డొంక దాటి తారురోడ్డు ఎక్కునప్పుడైన దిగి, ఎడ్ల ప్రక్కన ఎడమవైపు నడువవలెను.

మన కర్నూలు–కడప కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు 1860 దశకములో తవ్వించినప్పుడు నీటిపారుదలకే కాక పడవలు నడుచుటకు కూడ అని తలచి తవ్వించిరి. 1882లో దానిని ప్రభుత్వము కొన్నది. ఇప్పుడు దానిలో పడవలు లేవు, కాలువ గట్టున మన బండ్లు మాత్రము నడుచుచున్నవి. గట్టుదారి సన్నము, ఒక ప్రక్క నీరు. ఎదురు బండి వచ్చినచో తప్పుకొను చోటుండదు. అక్కడ కాడికి తెల్లపట్టీ, ముందు ఒక లాంతరు తప్పనిసరి.

పట్టీలు ఒకమారు అంటించిన తరువాత పని తీరినదనుకొనరాదు. పేడ, దుమ్ము, బురద పట్టినచో గది మూలలు పూడిపోయినట్లే, వెలుతురు తిరిగి రాదు. తడిగుడ్డతో తుడిచిన చాలును, ఇసుకతోను పీచుతోను రుద్దరాదు. అంచులు లేచినచో మార్చవలెను. అంటించుటకు ముందు ఇనుము మీది నూనె, తుప్పు తుడిచి ఆరనిండు, లేనిచో మొదటి వానకే ఊడివచ్చును.

నన్ను మట్టిలోనికి దింపిన ఆ పెద్దాయన బండికి మొదటి పలక కట్టించితిని. పది దినముల తరువాత అదే దారిలో చూడగా లాంతరు ఇరుసుక్రిందనే వెలుగుచున్నది, పలక చొప్ప మీద వ్రేలాడుచున్నది. లాంతరు ఇక తీసివేయవచ్చునంటిని. "అది ఎద్దులకు సార్, గుంతలు సూసుకుండ్యాకి. పలక నీకు" అనెను.